చక్రవర్తికి సలాం, కావడికి కట్టడి

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అమెరికా చరిత్ర చదువుతుంటే మాకు ఆ సామెత పేజీ పేజీకీ గుర్తుకొస్తుంది. యుద్ధాలు, ఒప్పందాలు, తేదీలు మీ సాంఘికశాస్త్రం సార్ ఎలాగూ చెబుతారు. మేము తెలుగు చెప్పేవాళ్ళం కాబట్టి మా చూపు మనుషుల మీదికి పోతుంది. ఎవరు కిటికీ తెరుచుకుని పడుకున్నారు, ఎవరు ఏ జంతువును పెంచారు, ఎవరు గుర్రమంటే గిట్టక కాలినడకన దోపిడీలు చేశారు! ఏ ఊరికి బదిలీ అయినా ఆ ఊరి బడి లైబ్రరీలో అమెరికా మహనీయుల జీవితచరిత్రలు ఒక బీరువా మూల ఉండనే ఉంటాయి. వాటిని ఎవరూ పెద్దగా ముట్టుకోరు. ఖాళీ పీరియడ్లలో అవి మాకు మంచి కాలక్షేపం.

ముందుగా ఒక కిటికీ తగాదా చెబుతాం. 1776 సెప్టెంబరు. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని రెండు నెలలు దాటింది. బ్రిటిష్ నౌకాదళాధిపతి లార్డ్ హౌతో సంధి మాటలు మాట్లాడడానికి అమెరికన్ల తరఫున ముగ్గురు బయలుదేరారు. వాళ్ళలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ ఆడమ్స్ ఉన్నారు. దారిలో న్యూ బ్రన్స్‌విక్ అనే ఊళ్ళో సత్రాలన్నీ కిక్కిరిసి ఉన్నాయి. ఇద్దరికీ కలిపి ఒకే గది, ఒకే మంచం, ఒకే చిన్న కిటికీ దొరికాయి. ఆడమ్స్‌కు అసలే ఒంట్లో నలతగా ఉంది. రాత్రిగాలి తగిలితే జబ్బు చేస్తుందని గబుక్కున కిటికీ మూసేశాడు. అప్పటికి డెబ్బై ఏళ్ళున్న ఫ్రాంక్లిన్ ఒప్పుకోలేదు. కిటికీ మూస్తే ఊపిరాడక చస్తాం, తెరిచి వచ్చి పడుకో, జలుబు ఎలా వస్తుందో నా సిద్ధాంతం చెబుతాను అన్నాడు. ఆడమ్స్ కిటికీ తెరిచి, ఒక్క గెంతులో దుప్పటిలో దూరాడు. ఫ్రాంక్లిన్ గాలి గురించి, చర్మం గురించి, ఊపిరి గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. వింటూ వింటూనే ఆడమ్స్ నిద్రపోయాడు. ఈ సంగతి ఆడమ్సే తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు.

జలుబు చల్లగాలి వల్ల కాదు, మూసిన గదుల్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుందని ఫ్రాంక్లిన్ వాదన. సూక్ష్మజీవుల సంగతి లోకానికి తెలియకముందే అన్నాడు ఆ మాట! అంతేకాదు, పొద్దున్నే ఒంటి మీద బట్ట లేకుండా గదిలో కూర్చుని అరగంటో గంటో చదువుకోవడమో రాసుకోవడమో చేసేవాడు. దానికి గాలిస్నానం అని పేరు పెట్టుకున్నాడు. మన ఇళ్ళల్లో తాతగారెవరైనా అలా కూర్చుంటే ఏమంటారో మీరే ఊహించుకోండి.

ఆ ఆడమ్స్ గారి కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్ అమెరికాకు ఆరో అధ్యక్షుడు. ఈయనది నీటిస్నానం. తెల్లవారుజామున పొటోమాక్ నదికి వెళ్ళి ఈదడం అలవాటు. 1825లో ఒకసారి నది మధ్యలో పడవ మునిగి, తొడుక్కున్న చొక్కా చేతుల్లో నీళ్ళు నిండి, దేశాధ్యక్షుడు మునిగిపోబోయి బయటపడ్డాడు. పన్నెండో ఏట మొదలుపెట్టిన డైరీని ఎనభయ్యో ఏట చనిపోయేదాకా రాసిన మనిషి కాబట్టి ఆ అవస్థ కూడా అందులోకి ఎక్కింది. ఇక కాల్విన్ కూలిడ్జ్ అనే అధ్యక్షుడు మాట్లాడడం దండగ అనుకునేవాడు. 1926లో పండగ విందులో వండుకోమని మిసిసిపీ రాష్ట్రం నుంచి ఎవరో ఒక రకూన్‌ను బతికుండగానే పంపారు. మన అడవుల్లో ఉండదు ఆ జంతువు. కళ్ళ చుట్టూ నల్ల గంతలు కట్టినట్టుంటుంది, ముందుకాళ్ళు చేతుల్లా వాడుతుంది. కూలిడ్జ్ దంపతులు దాన్ని వండలేదు. రెబెక్కా అని పేరు పెట్టి, మెడకు పట్టీ కట్టి, శ్వేతసౌధంలో పెంచుకున్నారు.

ఇవన్నీ వినడానికి ముచ్చటగా ఉన్నాయి కదా? ఎందుకున్నాయి? వాళ్ళు అధ్యక్షులు, దేశనిర్మాతలు కనుక. పదవి ముందు వచ్చింది, వింత అలవాటు దాని వెనక నడిచింది. పదవి లేని మనిషికి అదే అలవాటు ఉంటే ఊరు ఏమంటుంది? మాకు అసలు ఆసక్తి కలిగింది అక్కడ.

మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆమ్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్ళో ఎమిలీ డికిన్సన్ అనే ఆమె ఉండేది. వయసు పెరిగేకొద్దీ ఇల్లు వదలడం మానేసింది. తెల్ల దుస్తులే వేసుకునేది. ఇంటికి వచ్చినవాళ్ళతో చాలాసార్లు తలుపు చాటు నుంచే మాట్లాడేది. తండ్రి అంత్యక్రియలు ఇంట్లో జరుగుతుంటే మేడమీది గదిలోంచి దిగి రాలేదు. ఊళ్ళోవాళ్ళు ఆమెను ఒక కట్టుకథలాగా చెప్పుకున్నారు. కానీ ఆ వీధి పిల్లలకు ఇంకో సంగతి తెలుసు. మేడ కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట మెల్లగా కిందికి దిగేది, అందులో ఆమె చేత్తో చేసిన అల్లం కేకు ఉండేది. రొట్టె చేయడంలో 1856లో ఊరి సంతలో రెండో బహుమతి తెచ్చుకున్న చెయ్యి అది! 1886లో ఆమె పోయాక చెల్లెలు పెట్టె తెరిచి చూస్తే దొంతరలకొద్దీ కవితలు. అన్నీ కలిపి ఇంచుమించు 1,800. బతికుండగా అచ్చయినవి పదో పన్నెండో. పెద్దవాళ్ళకు తలుపు కనిపించింది, పిల్లలకు బుట్ట కనిపించింది.

హెట్టీ గ్రీన్ సంగతి మరోలా ఉంటుంది. తిమింగిలాల వేటతో సంపాదించిన కుటుంబంలో పుట్టి, వచ్చిన ఆస్తిని న్యూయార్క్‌లో వాటాల వ్యాపారంతో ఎన్నో రెట్లు పెంచింది. 1916లో పోయేనాటికి దాదాపు 10 కోట్ల డాలర్ల మనిషి. ఆఫీసుకు అద్దె ఎందుకని తను డబ్బు దాచుకున్న బ్యాంకులోనే తన పెట్టెల మధ్య కూర్చుని వ్యవహారాలు నడిపింది. ఎప్పుడు చూసినా అదే నల్ల గౌను. 1907లో డబ్బు కటకట వచ్చి బ్యాంకులు కుప్పకూలుతుంటే న్యూయార్క్ నగరానికే 11 లక్షల డాలర్లు అప్పిచ్చింది. ఆమెకు పత్రికలు పెట్టిన పేరు మాత్రం ‘వాల్‌స్ట్రీట్ మంత్రగత్తె’. ఆ వీధిలో పిసినారి మగవాళ్ళకు కొదవేమీ లేదు. వాళ్ళను మాంత్రికులు అన్నవాళ్ళెవరూ మాకు కనబడలేదు. పొదుపు మగవాడు చేస్తే దక్షత, ఆడది చేస్తే చేతబడి కాబోలు!

ఇక మా అభిమాన కథానాయకుడి దగ్గరికి వద్దాం. ఈయన కథలో బియ్యం ఉన్నాయి కాబట్టి మన వంటింట్లోవాళ్ళకు కూడా బాగా అర్థమవుతుంది. పేరు జాషువా నార్టన్. ఇంగ్లండులో పుట్టాడు, దక్షిణాఫ్రికాలో పెరిగాడు, బంగారం కోసం జనం ఎగబడుతున్న 1849లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. ఈయన బంగారం తవ్వలేదు. భూములు కొని, సరుకులు అమ్మి, నాలుగు డబ్బులు వెనకేసుకున్నాడు. 1852 చివరలో చైనాలో కరువొచ్చి బియ్యం ఎగుమతి ఆగిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పౌను బియ్యం 4 సెంట్ల నుంచి 36 సెంట్లకు ఎక్కింది. అంతలో పెరూ దేశం నుంచి 2 లక్షల పౌన్ల బియ్యంతో ఓడ ఒకటి రేవులో ఉందని తెలిసింది. నార్టన్ పౌను పన్నెండున్నర సెంట్ల లెక్కన మొత్తం ఓడను 25,000 డాలర్లకు బేరం చేశాడు. ఊళ్ళో బియ్యమంతా తన చేతిలోనే ఉంటుంది, ఇక తను చెప్పిందే ధర! అలా అనుకుంటుండగానే పెరూ నుంచి మరో ఓడ వచ్చింది, దాని వెనక ఇంకొకటి. ధర 3 సెంట్లకు పడిపోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోర్టులు, ఓటమి, దివాలా.

మనిషి కొన్నాళ్ళు ఊరికి కనిపించలేదు. కనిపించినప్పుడు అతను పాత నార్టన్ కాడు. 1859 సెప్టెంబరు 17న ఒక కాగితం పట్టుకుని పత్రిక ఆఫీసుకు వెళ్ళాడు. తాను అమెరికా సంయుక్త రాష్ట్రాల చక్రవర్తినని అందులో ప్రకటించుకున్నాడు. సంపాదకుడికి నవ్వొచ్చి ఉంటుంది. ఆ సాయంత్రమే అచ్చువేశాడు. అక్కడి నుంచి ఇరవై ఏళ్ళు ఆ ఊళ్ళో నార్టన్ చక్రవర్తి ఏలుబడి సాగింది. భుజాల మీద ఇత్తడి కుచ్చులున్న నీలం సైనిక కోటు, ఈక గుచ్చిన టోపీ, చేతిలో కర్ర. బస మాత్రం కమర్షియల్ వీధిలో రోజుకు అర డాలరు అద్దె గది. రోజూ వీధుల్లో తిరిగి కాలిబాటలు, కాలువలు ఎలా ఉన్నాయో పర్యవేక్షించేవాడు. దేశ పార్లమెంటును రద్దు చేశానని ఫర్మానా ఇచ్చాడు. పార్లమెంటు పట్టించుకోకపోతే, వెళ్ళి వాళ్ళను ఖాళీ చేయించమని సైన్యాధిపతికి ఇంకో ఫర్మానా రాశాడు. 1872లో శాన్‌ఫ్రాన్సిస్కోకూ అఖాతం అవతలి ఓక్లాండ్‌కూ మధ్య వంతెన కట్టాలని ఆజ్ఞాపించాడు. అందరూ నవ్వారు. 1936లో అక్కడ వంతెన లేచింది.

ఖర్చులకు సొంత నోట్లు అచ్చువేయించుకున్నాడు. అర డాలరు మొదలుకుని పది డాలర్ల దాకా ఉండేవి. ఊళ్ళో కొన్ని దుకాణాలు వాటిని తీసుకునేవి. 1870 జనాభా లెక్కల్లో ఇంటింటికీ తిరిగిన ఉద్యోగి నార్టన్ పేరు ఎదురుగా వృత్తి గడిలో ‘చక్రవర్తి’ అని రాశాడు. మతి సరిగా లేదని కూడా అదే లెక్కల్లో నమోదు చేశాడు. మాకు ఆ ఉద్యోగి మీద గౌరవం కలిగింది. ఎన్నికల విధులకూ జనగణనకూ మా టీచర్లను కూడా పంపుతారు కనుక, చెప్పింది చెప్పినట్టు గడిలో నింపడం ఎంత కష్టమో మాకు తెలుసు.

అయితే నార్టన్ కథలో అసలు ఘట్టం 1867 జనవరిలో ఉంది. ఒక కొత్త పోలీసు ఆయన్ని పట్టుకుని, పిచ్చాసుపత్రికి పంపాలని స్టేషనుకు తీసుకుపోయాడు. ఊరు భగ్గుమంది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఈయన ఎవరి రక్తమూ చిందించలేదు, ఎవరినీ దోచుకోలేదు, ఆ కొలువులో ఉన్న మిగతావాళ్ళ గురించి అంతమాట అనగలమా అని ఒక పత్రిక అర్థం వచ్చేలా రాసింది. పోలీసు అధికారి స్వయంగా విడిచిపెట్టి క్షమాపణ చెప్పాడు. చక్రవర్తి దయతలచి ఆ పోలీసును క్షమించాడు. ఆ తర్వాత వీధిలో ఆయన ఎదురైతే పోలీసులు సెల్యూట్ కొట్టేవారు.

పిచ్చివాణ్ణి పట్టుకుని ఊరంతా ఆటలాడుకుందని కొందరంటారు. కొంత నిజమే. ఆయన పేరుతో పత్రికలవాళ్ళు దొంగ ఫర్మానాలు కూడా అచ్చేశారు, పత్రికలు అమ్ముకున్నారు. కానీ ఆటలాడుకున్న ఊరే ఆయనకు తిండి పెట్టింది, నాటకం చూడనిచ్చింది, జైల్లో పెడితే అడ్డం పడింది. 1880 జనవరి 8 సాయంత్రం వీధిలో కుప్పకూలి చనిపోయినప్పుడు ఆయన దగ్గర ఉన్నది కొద్దిపాటి చిల్లర. వ్యాపారుల క్లబ్బువాళ్ళు చందాలు వేసుకుని మంచి చెక్కపెట్టె చేయించారు. చివరిచూపుకు పదివేల మంది దాకా వచ్చారని ఆనాటి పత్రికలు రాశాయి.

ఆ ఊరి మంచి మనసుకు ఇంకో సాక్ష్యం కుక్కలు. బమ్మర్, లాజరస్ అని రెండు వీధికుక్కలు ఉండేవి. ఎలుకలు పట్టడంలో దిట్టలు. లాజరస్ గాయపడి పడి ఉంటే బమ్మర్ తిండి తెచ్చి బతికించుకుందని ఊరంతా చెప్పుకునేవారు. 1862లో కుక్కలు పట్టేవాళ్ళు లాజరస్‌ను బండిలో వేస్తే జనం గొడవ చేసి విడిపించారు. వీధికుక్కల చట్టం ఈ రెండింటికీ వర్తించదని నగరపాలకులు తేల్చారు. బమ్మర్ చచ్చిపోతే మార్క్ ట్వేన్ అంతటివాడు పత్రికలో నివాళి రాశాడు.

అదే ఊళ్ళో ఇంకో వింత మనిషి దొరలా బతికాడు. పొట్టి టోపీ, వజ్రపు ఉంగరం, చేతికర్ర. గనుల్లో వ్యాపారం ఉందని చెప్పేవాడు. అప్పుడప్పుడు గనులు చూసుకోవడానికని ఊరెళ్ళేవాడు. నిజానికి వెళ్ళేది దారి దోపిడీకి. అసలు పేరు చార్లెస్ బోల్స్, దొంగ పేరు బ్లాక్ బార్ట్. 1875 నుంచి 1883 దాకా వెల్స్ ఫార్గో కంపెనీ డబ్బు పెట్టెలు మోసే గుర్రబ్బండ్లను 28 సార్లు ఆపాడు. గుర్రమెక్కేవాడు కాదు. ఎంత దూరమైనా నడకే! మొదటిసారి పొదల్లో కర్రలు గుచ్చి తుపాకుల్లా కనిపించేట్టు పెట్టాడు. భయపడ్డ ఒక ప్రయాణికురాలు తన డబ్బుసంచి విసిరేస్తే, నాకు మీ డబ్బు వద్దు, కంపెనీ పెట్టె చాలు అని తిరిగిచ్చాడని చెబుతారు. రెండుసార్లు ఖాళీ పెట్టెలో పద్యం రాసి పెట్టాడు. కింద సంతకం పీ, ఓ, 8. మూడూ కలిపి ఇంగ్లీషులో గబగబా చదివితే కవి అని అర్థం వస్తుంది. అంత్యప్రాసలు మాత్రం కుదిరాయి, కవిత్వం గురించి మేము మాట్లాడం.

మర్యాదస్తుడైన దొంగ అని ఇతన్ని మెచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మేము ఒప్పుకోం. తుపాకీలో గుండు లేదని తర్వాత చెప్పాడు సరే, దాని ఎదురుగా చేతులెత్తి నిలబడ్డ బండివాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పద్యం రాశాడని దోపిడీ దోపిడీ కాకుండా పోదు. చివరికి ఎలా దొరికాడో చూడండి. 1883 నవంబరులో పారిపోతూ చేతిరుమాలు పడేసుకున్నాడు. దాని అంచున ‘ఎఫ్.ఎక్స్.ఓ.7’ అని చిన్న గుర్తు. మన చాకళ్ళు బట్ట మూల సిరాతో పెట్టే గుర్తు లాంటిదే. డిటెక్టివులు ఆ రుమాలు పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీ తర్వాత లాండ్రీ తిరిగారు, దాదాపు తొంభై. చివరికి బుష్ వీధిలో గుర్తు కలిసింది. ఆరేళ్ళ శిక్ష పడితే నాలుగేళ్ళకు పైగా ఉండి 1888లో విడుదలయ్యాడు.

ఈ లాండ్రీల దగ్గర మా చదువు ఆగిపోయింది. ఒక ఊళ్ళో తొంభైకి పైగా లాండ్రీలు ఎందుకున్నాయి, ఎవరివి అని వెతికాం. చాలామటుకు చైనీయులవి. బంగారం వార్త విని వాళ్ళూ నార్టన్ వచ్చిన రోజుల్లోనే వచ్చారు. 1869లో పూర్తయిన ఖండాంతర రైలుమార్గంలో పడమటి భాగం వేసిన కూలీల్లో అత్యధికులు వాళ్ళే. పట్టాలు వేయడం అయ్యాక ఊళ్ళో బట్టలుతికారు, కూరగాయలు అమ్మారు. కూరగాయలు ఎలా అమ్మారు? కావడి మీద. అచ్చం మన కావడే. భుజాన బద్ద, అటొక బుట్ట, ఇటొక బుట్ట.

1870లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఒక చట్టం చేసింది. కాలిబాట మీద కావడితో సరుకు మోయకూడదు. చట్టంలో చైనీయుడు అనే మాట లేదు. కావడి మోసేది ఎవరో ఊళ్ళో చంటిపిల్లవాడికి కూడా తెలుసు. ఆ దశాబ్దంలోనే లాండ్రీల మీద పన్ను వేశారు. గుర్రబ్బండి ఉన్న లాండ్రీకి తక్కువ పన్ను, బండి లేక నడిచి బట్టలిచ్చే లాండ్రీకి ఎక్కువ పన్ను! లెక్కల సార్‌ను అడిగితే ఆయన కూడా నవ్వారు. నడిచే దొంగ ఊరికి వింత మనిషి. నడిచే చాకలి మాత్రం ఊరికి బెడద.

1876లో ఇంకో చట్టం వచ్చింది. జైలుకు వచ్చిన మగ ఖైదీ జుట్టును అంగుళం మాత్రం ఉంచి కత్తిరించాలి. ఇందులోనూ చైనీయుల పేరు లేదు. అప్పటి చైనా మగవాళ్ళు వెనక పొడుగాటి జడ వేసుకునేవారు. చక్రవర్తి ఆజ్ఞ అది. జడ పోతే పరువు పోయినట్టే, స్వదేశం తిరిగి వెళ్ళడం కూడా ప్రమాదమే. హో ఆ కౌ అనే అతను ఇరుకు గదిలో ఎక్కువమందితో పడుకున్నాడన్న నేరానికి జైలుకు వెళ్ళాడు. మనిషికి ఇన్ని ఘనపుటడుగుల గాలి ఉండాలని చట్టం. (గాలి గురించి ఫ్రాంక్లిన్ ఉపన్యాసం గుర్తుందా? మంచి మాటే ఎవరి చేతిలో పడితే ఎలా మారుతుందో చూడండి.) పది డాలర్ల జరిమానా కట్టకుండా అయిదు రోజుల జైలు ఎంచుకున్నాడు. జైల్లో జడ కోసేశారు. అతను ఊరుకోలేదు. షెరిఫ్ మీద దావా వేశాడు. 1879లో గెలిచాడు. న్యాయమూర్తి స్టీఫెన్ ఫీల్డ్ తీర్పు మేము రెండుసార్లు చదివాం. చట్టంలో ఎవరి పేరూ లేకపోయినా అది ఎవరి కోసం చేసిందో అందరికీ తెలుసు, న్యాయపీఠం ఎక్కినంత మాత్రాన న్యాయమూర్తికి కళ్ళు పోవు అన్న అర్థంలో ఆయన రాశాడు.

ఇప్పుడు ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఊరు, ఒకే కాలం. బహుశా ఒకే కాలిబాట మీద ఒక పక్క నుంచి ఈక టోపీ పెట్టుకున్న చక్రవర్తి, ఇంకో పక్క నుంచి కావడి మోస్తూ జడ వేసుకున్న మనిషి నడిచి వచ్చి ఉంటారు. పోలీసు ఒకరికి సెల్యూట్ కొడతాడు, ఇంకొకరిని దిగి నడవమంటాడు. నిజానికి ఇద్దరిలో విచిత్రం ఎవరిది? కావడి మోయడం విచిత్రం కాదు, పని. జడ విచిత్రం కాదు, ఆ దేశపు ఆచారం. లేని రాజ్యానికి రాజునని తిరగడమే విచిత్రం. ఊరు మాత్రం తలకిందులుగా చూసింది. నార్టన్‌ను విడిపించిన 1867లోనే, అంగవైకల్యంతో చూడ్డానికి ఇంపుగా లేనివాళ్ళు వీధిలో కనిపించి భిక్షం అడగరాదని కూడా ఆ నగరమే చట్టం చేసింది.

ఎందుకిలా జరిగిందని చాలాకాలం ఆలోచించాం. మాకు తోచింది ఇది. నార్టన్ ఒక్కడు. ఒక్కడి వింత వినోదం. ఆయన అందరి భాషే మాట్లాడాడు, ఆయన ఫర్మానాలు చదివి అందరూ నవ్వగలిగారు. ఆయన పిచ్చి ఎవరి కూలికీ పోటీ రాలేదు. చైనీయులు వేలమంది. 1870లలో పనులు తగ్గి, ఆకలి పెరిగి, కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియని రోజుల్లో వాళ్ళు కంటికి ఎదురుగా ఉన్నారు. 1877 జులైలో అల్లరిమూకలు వాళ్ళ లాండ్రీల మీద పడి తగలబెట్టాయి, ప్రాణాలు కూడా పోయాయి. ఒక అల్లరిమూకకు నార్టన్ ఎదురు నిలబడి తలవంచి ప్రార్థన చదివితే వాళ్ళు సిగ్గుపడి వెళ్ళిపోయారని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ బాగుంది, మేము దాన్ని కథగానే ఉంచాం. 1882లో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది, చైనా కూలీలు అమెరికాలో అడుగు పెట్టరాదని. అది రద్దయింది 1943లో.

మీకు ఇదంతా ఎందుకు చెబుతున్నామో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. మూడేళ్ళకో ఊరు మారే పిల్లలు మీరు. ప్రతి బడిలోనూ మొదటి వారం మీరే ఆ తరగతికి వింత. పేరు వింత, జడ వింత, డబ్బాలో పులిహోర వింత. ఒకానొక ఊళ్ళో, పేరెందుకులెండి, ఏడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. నడుస్తూ నడుస్తూ రైలు కూత వేసేవాడు. మలుపు దగ్గర ఆగి సిగ్నల్ చూసుకునేవాడు. తరగతి అతన్ని ‘ఇంజన్’ అని పిలిచి నెత్తిన పెట్టుకుంది. ఎవరైనా కొత్త టీచరు కసిరితే, మా ఇంజన్‌ను ఏమీ అనకండి సార్ అని నలుగురు లేచేవారు. ఆ ఏడాదే జులైలో మన తెలుగు అమ్మాయి ఒకతె చేరింది. తలకు కొబ్బరినూనె, రెండు జడలు. హిందీలో మేరీ భాయ్, మేరా కితాబ్ అనేది. తెలుగులో పుస్తకానికి ఆడా మగా లేదు మరి, ఆమె ఏం చేస్తుంది? ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. బెంచీ మీద కొంచెం జరిగి కూర్చునేవారు, అంతే. ఆమె అర్ధసంవత్సర పరీక్షల దాకా తరగతిలో నోరు తెరవలేదు. ఇంజన్ మంచి పిల్లవాడు, ఆ తరగతి పిల్లలు కూడా చెడ్డవాళ్ళు కారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పదివేల మంది కూడా చెడ్డవాళ్ళై ఉండరు.

ఈ మధ్య మా తెలుగు తరగతిలో ఈ కథలన్నీ చెప్పాం. మేమంతా కలిపి తొమ్మిదిమందిమి. అందరికీ రకూన్ నచ్చింది, ఆ తర్వాత నార్టన్ నోట్లు నచ్చాయి. అలాంటివి తామూ అచ్చేస్తామని, క్యాంటీన్‌లో సమోసాకు చెల్లుతాయేమో అడగమని ఇద్దరు బయలుదేరారు. కావడి అంటే ఏమిటో చాలామందికి తెలియదు. బోర్డు మీద బొమ్మ వేసి చూపించాం. వెనక బెంచీలో ఒకడు ఆ బొమ్మను కాసేపు చూసి అడిగాడు:

“మరి వాళ్ళు కూరగాయలు అమ్మడం మానేశారా మేడమ్?”

“మానేస్తే తినేదేముంది?”

“కాలిబాట మీద వద్దన్నారుగా. ఎక్కడ నడిచారు?”

“కింద. రోడ్డు మీద, గుర్రబ్బండ్ల మధ్య.”

వాడు లేచి వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. కావడి కింద రోడ్డు గీశాడు. పక్కన ఒక గుర్రబ్బండి గీశాడు, బండి చక్రం కావడి బుట్టకు తగలకుండా కొంచెం ఎడంగా.